పనికొచ్చేవాళ్ల పేర్లు

నూరుల్లా సార్‌ది పుట్టు అనుమానం. పాలవాడు నీళ్లు కలిపితే ఊరుకుంటాడు. కలపని రోజు మాత్రం ఎందుకు కలపలేదా అని పొద్దుగూకేదాకా ఆలోచిస్తాడు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వీధిలో ఒక మేడ మీద ఆయన ఇంగ్లీషు ట్యుటోరియల్. పదో తరగతి తప్పినవాళ్లను పదిహేనేళ్లుగా గట్టెక్కిస్తున్నాడు. ఇన్నేళ్లలో ఏ పార్టీ జెండా కిందా నిలబడలేదు. ఏ పార్టీవాళ్లు పెళ్లికి పిలిచినా అక్షింతలు వేసి, అన్నం తినకుండా వచ్చేసేవాడు. ఒకరింట తింటే ఇంకొకరు లెక్కపెట్టుకుంటారని భయం.

అలాంటి మనిషి దగ్గరికి, తొంభైనాలుగు ఎలక్షన్లకు నాలుగు నెలల ముందు, పులివెందుల నుంచి నాగప్ప అనేవాడు ఇంగ్లీషు నేర్చుకుంటానని వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో కొత్త నోటుబుక్కు.

"నాలుగు మాటలుండాయి సార్. అవి తెలిస్తే సాలు. ఇంగ్లీషంతా నాకెందుకు?" అన్నాడు.

జేబులోంచి ఒక అచ్చుకాగితం తీశాడు. హైదరాబాదులో వాళ్ల పార్టీ ఆఫీసు నుంచి వచ్చిందట. ఊరూరా పనిచేసే మనుషుల పేర్లు రాసి, ఒక్కో పేరు పక్కన నాలుగు మాటల్లో ఏది తగితే అది వేసి పంపాలట. ఎఫిషియెంట్, ఎఫెక్టివ్, ఎఫికేషియస్, ఎఫెక్చువల్. ఆ కాగితం తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, డిక్షనరీలో ఒక్క పేజీ తెరిచి అక్కడే నిద్రపోయినట్టున్నాడని నూరుల్లా అనుకున్నాడు.

"నాలుగూ ఒకటే గదా సార్? పనయ్యేటిదే గదా?"

"ఒకటే అయితే నాలుగెందుకప్పా? రేపటి నుంచి రా" అన్నాడు సార్. అన్నాడే గానీ ఆయన చూపు కాగితం మీద లేదు. గదిలో పది బెంచీలు ఖాళీగా ఉండగా నాగప్ప కిటికీ పక్కన కూర్చోలేదు. వెనక గోడకు వీపు ఆనించి, మెట్ల మీదికి కళ్లు పెట్టి కూర్చున్నాడు. దాహం వేస్తే కుండలో నీళ్లు ముట్టకుండా, సంచిలో తెచ్చుకున్న సీసా తీసి తాగాడు. ఇవి ఇంగ్లీషు నేర్చుకునేవాడి అలవాట్లు కావు. పగా ప్రతీకారాలున్న ఇంట్లో పెరిగినవాడి అలవాట్లు.

ఆ రోజు నుంచి సార్‌కు నిద్ర తగ్గింది. ముందు వీడు మఫ్టీలో ఉన్న పోలీసేమో అనుకున్నాడు. నాలుగు రోజులకు ఆ అనుమానం పోయి, తను ఎవరికి ఓటేస్తాడో కనుక్కోవడానికి ఎవరో పంపారనుకున్నాడు. అదీ నిలవలేదు. కింద అంగడివాడు మేడ ఖాళీ చేయించాలని చూస్తున్నాడు కదా, వాడు తోలిన మనిషేమోనని ఒక వారం అంగడివాడితో మాట్లాడడం మానేశాడు. పాపం, ఆ అంగడివాడికి ఏమీ తెలియదు. ఎదుటివాడి ప్రతి కదలికనూ తూకం వేసిన ఈ పెద్దమనిషి, తన నోటి సంగతి మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చేది అక్కడే.

పాఠం మొదలైంది. మొదటిరోజు సార్ మోటార్లు పెట్టి చెప్పాడు. తక్కువ కరెంటుతో తోటంతా తడిపేది ఎఫిషియెంట్. కరెంటు ఎంత తాగినా సరే, చివరి చెట్టుదాకా నీళ్లు చేర్చేది ఎఫెక్టివ్.

నాగప్ప తల అడ్డంగా ఊపాడు. "మోటార్లు వొద్దు సార్. నువ్వు మనుషుల్ని పెట్టి పాఠం చెప్తావంట గదా. నీకాడ సదివినోళ్లు చెప్పినారు. అట్ల చెప్పు."

అది నిజమే. నూరుల్లా సార్ పేరు మోసిందే దాంతో. ఏ మాటకైనా ఊళ్లో ఒక మనిషిని చూపించి అర్థం చెబుతాడు. అలా నేర్చుకున్న మాటను పిల్లలు చచ్చినా మరిచిపోరు. తన విద్య పులివెందుల దాకా పోయిందని తెలిసేసరికి సార్ కాస్త మెత్తబడ్డాడు.

"మీదే ఊరు సార్?" అన్నాడు నాగప్ప.

"లింగాల పక్కన రాళ్లకుంటపల్లె. మా చెల్లెలు ఖదీజా ఆడనే ఉండాది."

"అయితే ఆ ఊరోళ్లనే పెట్టు. నీకు బాగా తెలిసినోళ్లు గదా."

రాళ్లకుంటపల్లె అంతా అవతలి పార్టీ. నాగప్ప వాళ్ల మనుషులను కిందటి ఎలక్షన్లప్పుడే ఆ ఊరి నుంచి తరిమేశారు. ఈ సంగతి సార్‌కు తెలుసు. కానీ ఆయన లెక్కలో పాఠం పాఠమే. పైగా ఎదురుగా ఉన్నది మొద్దు విద్యార్థి. మొద్దు విద్యార్థికి అర్థమయ్యేలా చెప్పడం కన్నా గొప్ప సుఖం మాస్టరుకు ఏముంటుంది?

"మా ఊర్లో రంగయ్య అని ఉండాడు. గొర్రెలోడు. రెండు నూర్ల జీవాలు, ఒక కుక్క, తోడు మనిషి లేడు. కరువులో గూడా ఒక్క పిల్లను పోగొట్టుకోలేదు. ఎలక్షన్లొస్తే గొర్రెల్ని మేపుకుంటానే మూడూర్లకు కబురు చేరేస్తాడు. జీపు అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు. వాడు ఎఫిషియెంట్. వృథా లేకుండా పని చేసేటోడు."

నాగప్ప ముందు పేరు రాసుకున్నాడు. తరవాత మాట రాసుకున్నాడు.

"పుల్లన్న ఇంగొక రకం. వానికి పది మంది కావాల, పది కప్పుల టీ కావాల, పొద్దున్నుంచి అరుపులు. సగం రోజు మాటలకే పోతాది. అయితే సాయంత్రానికి ఎనభై ఓట్లు పడాలంటే ఎనభై పడతాయి. వాడు ఎఫెక్టివ్. ఎంత ఖర్చయిందని అడగాకు. పనయిందా లేదా, అంతే."

"ఎఫికేషియస్సో?"

"అది మనుషులకు వాడరు. గుణమిచ్చే మందుకు వాడతారు. తావీజుకు, మొక్కుకు వాడచ్చు."

"మా పెద్దాయనకు వాడచ్చా?"

"వొద్దప్పా" అన్నాడు సార్ తొందరగా. పెద్దాయన అంటే పులివెందులలో నాగప్ప కొలిచే నాయకుడు. అసలు పేరు పలకడానికి కూడా జనం అటూ ఇటూ చూసుకునేవాళ్లు.

ఇక నాలుగో మాట మిగిలింది. దానికి మనిషి దొరకడం కష్టం. ఎఫెక్చువల్ అంటే అప్పటికప్పుడు పనయినట్టు కనిపించడం కాదు, మళ్లీ తిరగబెట్టకుండా తేలిపోవాలి. సార్ గడ్డం గోక్కున్నాడు. ఆ క్షణంలో ఆయనకు మేనల్లుడు దావూద్ గుర్తొచ్చాడు. గుర్తురాకుండా ఎలా ఉంటాడు? తండ్రి లేని పిల్లవాడు, తన దగ్గరే చదివి బీఎడ్ చేశాడు. జమ్మలమడుగులో ప్రైవేటు బడిలో చెబుతూ, గవర్నమెంటు టీచరు పోస్టుకు ఎంపికై, ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. పోలీసు విచారణ ఒక్కటే బాకీ.

"మా దావూద్ ఉండాడు" అన్నాడు సార్, గొంతులో గర్వం దాచుకోకుండా. "మూడేండ్ల కిందట గొర్రెలు శెనిక్కాయ చేన్లో పడినాయని ఊరు రెండుగా చీలింది. కట్టెలెత్తినారు. పెద్దోళ్లు సర్దిచెప్పేది, మళ్లా రెండ్రోజులకు లేచేది. దావూద్ పోయి రెండు పక్కలా కూర్చోబెట్టి, ఏ నెలలో ఏ దావన మందలు పోవాల్నో కాగితం రాయించి అందరితో వేలిముద్రలేయించినాడు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఆ గొడవ లేవలేదు. ఇప్పుడు ఊర్లో ఏ పెద్ద పనయినా వాణ్ని అడక్కుండా చేయరు. అదప్పా ఎఫెక్చువల్ అంటే."

"ఇప్పుడు తెలిసింది సార్" అన్నాడు నాగప్ప. నోటుబుక్కు మూశాడు. మరుసటి వారం నుంచి రాలేదు.

రానందుకు కూడా సార్ అనుమానపడ్డాడు. పది రోజులు పడ్డాడు. పదకొండో రోజు మధ్యాహ్నం బస్టాండులో కబురు తెలిసింది. లింగాల దారిలో పెద్దాయన మనుషుల జీపు మీద బాంబులేశారు. ఒకడు చచ్చిపోయాడు. రాళ్లకుంటపల్లెకు రెండు మైళ్ల దూరంలో జరిగింది.

నూరుల్లా చేతిలో టీగ్లాసు అక్కడే పెట్టేసి పులివెందుల బస్సెక్కాడు. ఎందుకో ఆయన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పగలిగేవాడు కూడా కాదు. 

ఖూనీ కేసు కాగితం ఎలా రాస్తారో ఈ సీమలో బడిపిల్లలకు కూడా తెలుసు. చంపినవాళ్ల పేర్లు రాయడం ఒక్కటే కాదు. అవతలి పక్క ఎవరు లేకపోతే కుంటుపడుతుందో, ఎవడు జైల్లో ఉంటే పోలింగు బూతులో మనుషుల్ని కూర్చోబెట్టే దిక్కుండదో, ఎవడి ఉద్యోగం పోతే ఒక ఇల్లు కూలుతుందో, వాళ్ల పేర్లు రాస్తారు. అందుకే కాగితం వెంటనే స్టేషనుకు పోదు. శవం ఆసుపత్రికి పోతుంది, పేర్ల మీద ఇంట్లో చర్చ జరుగుతుంది. దశాబ్దాలుగా రెండు పక్కలా చేస్తున్నది ఇదే. ఇది తెలిసీ ఆ మనిషి నోరు విప్పాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన తన తొడ మీద తనే గట్టిగా గుద్దుకున్నాడు.

పెద్దాయన ఇంటి ముందు యాభై మంది ఉన్నారు. సార్‌ను తడిమి చూసి లోపలికి పంపారు. వరండాలో మంచం మీద పెద్దాయన, పక్కన అప్పటికే ఆరు పేర్లు పడిన కేసు కాగితం రాస్తున్న గుమాస్తా. నాగప్ప కింద కూర్చుని నోటుబుక్కు తెరిచి చదువుతున్నాడు.

"పుల్లన్న. రంగయ్య. దావూద్" అన్నాడు నాగప్ప. సార్‌ను చూసి ఆగాడు. మొహంలో సిగ్గులాంటిది ఒకటి కనిపించి పోయింది.

"పార్టీ కాగితమన్నావు గదప్పా!" అన్నాడు నూరుల్లా.

"పార్టీ మావోళ్ల గురించి అడిగింది సార్. అవతలోళ్ల గురించి పెద్దాయన అడిగినాడు. ఇన్నేండ్లు ఆ ఊర్లోకి మాకు దావ లేదు. ఎవురు ఏ మాత్రమో మాకెట్ల తెలుస్తాది?"

పెద్దాయన కళ్లెత్తి చూశాడు. "ఏం సారూ, ఏం పని మీద వచ్చినావు?"

అప్పుడు నూరుల్లాకు ఒక్కటే తోచింది. బతిమాలితే పేరు ఇంకా గట్టిపడుతుంది. వీడికోసం మనిషి ఇంత దూరం వచ్చాడంటే వీడు విలువైనవాడేనని అనుకుంటారు. కాబట్టి నవ్వాడు. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఆఖరి పేరు చూసి నవ్వుకుంటారయ్యా అవతలోళ్లు. దావూద్ నా చెల్లెలి కొడుకు. మేనమామను గదా, ఒక గొప్ప చెప్పుకున్నా. వాడు ఉత్త పిరికోడు. ఆ గొర్రెల గొడవ వాడాపింది యాడ? వాళ్లే అలిసిపోయి ఆపుకున్నారు. వీడు కాగితం పట్టుకోని మధ్యలో నిలబడినాడు. తల్లి కొంగు వదిలి తిరగలేడు. అన్నం పెట్టిన చెయ్యినైనా అమ్ముకునే రకం. వాణ్ని లోపలేస్తే ఆ ఊరికి పీడ పోతాది."

పెద్దాయన ఆయన మొహంలోకి చూశాడు. "నీ రక్తాన్ని నువ్వే ఇంత మాట అంటాండావంటే నిజమే అయ్యుంటాది" అని గుమాస్తా వైపు తిరిగాడు. "కొట్టేయ్. ఎనిమిది మందితో పోనీ."

కలం ఒక పేరు మీద గీత గీసింది. తను చెప్పిన మిగతా రెండు పేర్ల గురించి నూరుల్లా పెదవి కదపలేదు. పుల్లన్నా, రంగయ్యా ఆయనకేమీ కారు. బయటికి వచ్చి ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

ఎనిమిది మందీ వారం తరవాత జమ్మలమడుగు కోర్టులో లొంగిపోయారు. జీపు మీద బాంబులేసినవాళ్లు ఆ ఎనిమిది మందిలో ఒక్కడైనా లేడని కోర్టు బయట టీ అమ్మేవాడికీ తెలుసు. నూరుల్లా ఆ రోజు ట్యుటోరియల్ తలుపు తీయలేదు. దావూద్ ఒక్కడు బయట ఉన్నాడు కదా అని ఆ తలుపు వెనక అల్లాను తలచుకుంటూ కూర్చున్నాడు.

నెల తిరక్కుండా దావూద్ ప్రొద్దుటూరు వచ్చాడు. గడ్డం పెరిగింది. బెంచీ మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"నా పేరు యాడ పోయింది మామూ?"

"ఏ పేరు?"

"ఊర్లో పనికొచ్చేటోళ్ల పేర్లన్నీ కేసులో ఉండాయి. నాదొక్కటి లేదు. ఎందుకు లేదని అడుగుతాండారు. నేనే పోయి మనోళ్ల పేర్లు అమ్మి, నాది తీయించుకున్నానంటాండారు. అమ్మను బోరింగు కాడికి రానీడం లేదు. పుల్లన్న పెండ్లాం చౌడమ్మ మా గడప ముందర మన్ను పోసి శాపనార్థాలు పెట్టిపోయింది."

 నూరుల్లా అనుమానపు బుర్రకు ఈ ఒక్కటి తట్టలేదు. ఆ ఊళ్లో కేసులో పేరుండడం కష్టమైతే, లేకపోవడం పాపం.

దావూద్ జేబులోంచి మడిచిన కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆర్డరు వచ్చింది. వేంపల్లె దగ్గర బడి. సోమవారం చేరాల. నేను చేరను. రేపు లింగాల స్టేషనుకు పోతా. నేను గూడా బాంబులేసిన కాడ ఉన్నానని చెప్తా. రాసుకోమంటా."

"పిచ్చా నీకు? ఖూనీ కేసురా!"

"ఈడ ఉద్యోగం చేసుకుంటే ఆడ మా అమ్మను బతకనీరు. నన్ను గూడా. చేయని ఖూనీకి జైలుకు పోతే ఊర్లో తలెత్తుకోనన్నా ఉండచ్చు."  "నాకు తెలీకుండా నా పేరు ఎవురు తీసినారో తెలిస్తే సాలు మామూ. వానికి నేనేం చేసినా?"

నూరుల్లా లేచి చొక్కా వేసుకున్నాడు. "పద, ఊరికి పోదాం" అన్నాడు.  జమ్మలమడుగులో, ముద్దనూరులో బస్సు ఆగినప్పుడల్లా దిగి పారిపోవాలనిపించింది. వెనక సీటులో మేనల్లుడు కళ్లు మూసుకుని ఉన్నాడు.

చౌడమ్మ ఇంటి ముందు ఆడవాళ్లు శెనిక్కాయలు వలుస్తున్నారు. సార్‌ను, పక్కన దావూద్‌ను చూసి చేతులు ఆపారు. ఎదురింటి నుంచి ఖదీజా గడప దాటి నిలబడింది. చౌడమ్మ వాకిట్లోకి మాత్రం రాలేదు. రంగయ్య అన్నలు, మరికొందరు మగవాళ్లు మెల్లగా చేరారు. ఒకడి చేతిలో కొడవలి ఉంది. పొలం నుంచి తెచ్చుకున్నదే కావచ్చు.

"దావూద్ ఎవురి పేరూ చెప్పలేదు" అన్నాడు నూరుల్లా. "చెప్పింది నేను. నాకాడికి నాగప్ప అని ఒకడు పాఠానికి వచ్చినాడు. మనుషుల్ని పెట్టి చెప్పమంటే మన ఊరోళ్లను పెట్టి చెప్పినా. వాడు రాసుకున్నాడు. దావూద్ పేరు గూడా నేనే చెప్పినా. కాగితం పోయే ముందర పులివెందులకు పోయి, వీడు పిరికోడు, అమ్ముడుబోయే రకమని చెప్పి వీని పేరొక్కటే కొట్టేయించినా. మిగతావాళ్ల పేర్లు అట్లనే వదిలేసి వచ్చినా. వీనికేమీ తెల్దు. ఇప్పుడే, మీతో పాటు వింటాండాడు."

దావూద్ ఆయన పక్కనుంచి రెండడుగులు దూరం జరిగాడు. కొడవలి పట్టుకున్నవాడు ముందుకు వచ్చాడు. చౌడమ్మ చెయ్యి అడ్డం పెట్టి లేచింది. ఒళ్లో ఉన్న కాయలు కింద పడ్డాయి.

"నా మొగుని గురించి ఏమని చెప్పినావు సార్?"

"తల్లీ..."

"చెప్పు. ఆ మాటేందో నాక్కావాల."

"అనుకున్న పని జరిపించి తీరే మనిషని చెప్పినా. అందరికన్నా ఎక్కువ పనయ్యేది పుల్లన్నతోనేనని చెప్పినా."

చౌడమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకోలేదు.

"పద్దెనిమిదేండ్లు కాపరం చేసినా. తాగుబోతంటిరి, అరుపులోడంటిరి. ఈ ఊర్లో ఒక్కరన్నా ఆయప్ప గురించి అంత మంచిమాట అనలా. అది పోయి వాళ్లకు చెప్పినావా సార్?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. ఎదురింటి వైపు తిరిగి, "ఖదీజక్కా, బిందె తీసుకోనిరా. బోరింగు కాడ ఎవురూ లేరు" అంది.

రంగయ్య అన్నల్లో ఒకడు వచ్చి దావూద్ భుజం మీద చెయ్యి వేశాడు.  దావూద్ ఒక్కసారిగా ఏడ్చాడు, చిన్నపిల్లవాడిలా, గట్టిగా. తరవాత మొహం కడుక్కుని మేనమామ దగ్గరికి వచ్చాడు.

"సోమవారం పోయి చేరతా మామూ. నువ్వు ఇంగ ఈ ఊరికి రావాకు. మా అమ్మ నిన్ను చూసి తట్టుకోలేదు."

నూరుల్లా తల ఊపాడు. బస్సు ఆగే చోటికి నడుస్తుంటే దారి పొడుగునా జనం అరుగుల మీంచి చూశారు.  ఖదీజా బిందె పట్టుకుని ఎదురుగా వచ్చి, అన్నను తప్పించుకుని రోడ్డు అవతలి పక్కనుంచి నీళ్లకు పోయింది.